ఇద్దరిలో ఎవరైనా

గిరిజన బాలికల హాస్టలు,
19 జనవరి 2025

ప్రియమైన మీకు,

వందనాలు. భీమరాజుగారి కూరగాయల వ్యాను రేపు పొద్దున్నే రాజమండ్రి దిగుతుంది. అందుకని ఇవాళే కూర్చుని రాస్తున్నాను. ఈ ఏజెన్సీలో ఫోను మాట్లాడాలంటే కొండెక్కాలి. ఎక్కాక "హలో, వినబడుతోందా?" అనుకోవడంతోనే సగం టైము పోతుంది. పోయినసారి మీరు మొక్కలన్నది నాకు ముక్కలని వినబడి, నేను లేకుండా కోడిని కోసుకున్నారని గొడవ పెట్టుకున్నాను. ఉత్తరమే నయం. మధ్యలో మీరు అడ్డం రారు.

ఇక్కడ నూట నలభై మంది పిల్లలకి నేనొక్కదాన్నే నర్సుని. ఈ వారం అందరికీ జలుబులే. మందు పోస్తుంటే ఒక చిన్నది నన్ను "అమ్మా" అని పిలిచి, నాలిక్కరుచుకుని "సిస్టర్" అంది. నేను వినబడనట్టు నటించి మళ్లీ పిలిపించుకున్నాను. నవ్వకండి.

అసలు సంగతి. డాక్టరమ్మగారు మార్చి పన్నెండున రమ్మన్నారు. "ముప్పై ఎనిమిది నిండాయమ్మా. పిల్లలు కావాలంటే ఈ వైద్యం ఈ ఏడాదే మొదలుపెట్టాలి, తరవాత నేను మాటివ్వలేను" అని పోయినసారే చెప్పారు కదా. మొదటే మూడు లక్షలు కట్టాలి. నా జీతంలోంచి మూడు వేలు, మీ నర్సరీ మొక్కల మీద రెండు వేలు, నెలకి అయిదు చొప్పున ఆరేళ్లు వేశాం. ఈ నెలతో మూడు లక్షల అరవై వేలు. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఆ ఖాతా తెరిచిన రోజు గుర్తుందా? బ్యాంకులో ఆయన "డబ్బు తియ్యాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలని రాయమంటారా, ఇద్దరిలో ఎవరైనా చాలంటారా?" అనడిగాడు. మీరు నోరు తెరిచేలోగా నేనే "మేమిద్దరం ఒకటేనండి, ఎవరైనా పర్లేదు" అనేశాను. మన పెళ్లిలో పాస్టరు అయ్యగారు చెప్పింది అదే కదా. బ్యాంకాయన నవ్వాడు. మీరైతే బండి మీద కడియం దాకా "ఒకటేనండి, ఒకటేనండి" అంటూ నన్ను ఏడిపించారు.

బీరువాలో పాస్‌బుక్కు ఉంటుంది. బ్యాంకులో ఒకసారి ప్రింటు వేయించి ఎంతుందో రాయండి. మెసేజులన్నీ మీ ఫోనుకే వస్తాయి, నాకేమీ తెలియదు. అనుమానం కాదు, ఆ అంకె కళ్లారా చూసుకోవాలని ఆశ.

వ్యానులో బియ్యం సంచీ పంపిస్తున్నాను. వండేటప్పుడల్లా దేవుడికని తీసిన పిడికెడు బియ్యం, రెండు నెలలవి. అత్తయ్యకిచ్చి మందిరంలో స్త్రీల సమాజానికి ఇమ్మనండి. అమ్మి కొత్త మందిరం కట్టే ఖర్చులో కలుపుతారు.

ఎప్పటికీ మీ
సువార్త


కడియం,
2 ఫిబ్రవరి 2025

ప్రియమైన సువార్తకు,

దీవెనలు. నీ ఉత్తరమూ బియ్యమూ అందాయి. నీకు సువార్త అని ఎవరు పేరు పెట్టారో గానీ, నువ్వు ఇంట్లో లేకపోతే ఒక్క మంచి కబురూ ఉండదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అయినా మడిలో కవర్లకి మట్టి నింపుతానని కూర్చుంటుంది, వద్దంటే వినదు. మందిరం శ్లాబు పోయినవారం వేశారు. ఈస్టరు వెళ్లగానే ప్రతిష్ఠ అంటున్నారు.

ఇక్కడ బంతి, చామంతి సీజను అయిపోవస్తోంది. గులాబీలకి ఏదో పురుగు. నేను మామిడి అంట్లు ఓ రెండు వేలు కట్టించాను. ఆకులు వేస్తున్నాయి, నీలాగే మొండివి. మొక్కల లారీలు రోడ్డు మీద బారులు తీరే ఉన్నాయి గానీ, మనలాంటి అరెకరం లీజువాళ్లని పలకరించేవాడు లేడు. పెద్ద చెట్లున్నవాడిదే రాజ్యం. హైదరాబాదులో స్థలాలు అమ్మేవాళ్లకి ఒక్క రోజులో నిలువెత్తు చెట్టు కావాలట.

నిన్న టీ కొట్టు దగ్గర త్రిమూర్తులు "ఏం ప్రసన్నా, మేడంగారి జీతం పడిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పేరు ప్రసన్నకుమార్ అని ఈ ఊళ్లో సగం మందికి తెలియదు, సువార్త మొగుడంటే తెలుస్తుంది. ఏదో సరదాకి రాశాను, పట్టించుకోకు.

పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్లాను. ప్రింటు వేసే మిషన్ పాడైందన్నారు. డబ్బు ఎక్కడికీ పోదులే. ఇంకో మాట, మార్చిలో ఎండలు మొదలవుతాయి. కొండల్లోంచి దిగడం, ఎక్కడం నీకు కష్టం కదా. రెండు వానలు పడ్డాక వెళ్దామా? డాక్టరమ్మగారికి నువ్వు చెబితే కాదనరు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ
ప్రసన్న


హాస్టలు,
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో బంతి ఉంది, చామంతి ఉంది, గులాబీకి పట్టిన పురుగు ఉంది. నేనడిగిన అంకె లేదు.

మా హాస్టలు వార్డెను వెంకటదుర్గగారు పోయినవారం రాజమండ్రి దిగినప్పుడు మన బ్యాంకు బ్రాంచికే వెళ్లి ప్రింటు వేయించుకొచ్చారు. మిషన్ భేషుగ్గా ఉందట.

ఎండల గురించి బెంగ పెట్టుకోకండి. పెళ్లయి పన్నెండేళ్లు. అమ్మలక్కల మాటలకంటే ఎండ నయమే. సెలవు పెట్టేశాను, మంజూరైంది. పదకొండో తారీఖు సాయంత్రానికి కడియం వస్తాను. టీ కొట్టు దగ్గర ఎవరేమంటే మీకెందుకు? త్రిమూర్తులుగారి పెళ్లాం పొదుపు సంఘం డబ్బుతోనే వాళ్లింటికి పైకప్పు వేసుకున్నారు. ఆ సంగతి మీరూ తిరిగి అనొచ్చు.

ఎంతుంది? అదొక్కటి రాయండి. ఈసారి పూలమొక్కలు వద్దు.

మీ
సువార్త


కడియం,
27 ఫిబ్రవరి 2025

ప్రియమైన సువార్తకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. కోపం వచ్చినా మొత్తం చదువు.

మందిరం శ్లాబు వేసే ముందు పెద్ద ఇబ్బంది వచ్చింది. ఇనుము కొట్టువాడు బాకీ తీరిస్తేనే లోడు దించుతానన్నాడు. కాంక్రీటు కలిపే మిషనొచ్చి రోడ్డు మీద నిలబడింది. అయ్యగారు ఎవరినీ ఏమీ అనకుండా మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. ఆయన్ని అలా చూసి నేను తట్టుకోలేకపోయాను. నా మనసులో ప్రభువే మాట్లాడినట్టు అనిపించింది. మన డబ్బు ఆయనకిస్తానని మాటిచ్చాను. ఇచ్చేశాను. మూడు లక్షల నలభై అయిదు వేలు.

నీకు చెప్పి చెయ్యాల్సింది. నీకు ఫోను కలవదు, వ్యాను సోమవారం గానీ రాదు. అక్కడ మిషను నిలబడి ఉంది. అయినా మనిద్దరం ఒకటే అన్నది నువ్వే కదా, నేను చేస్తే నువ్వు చేసినట్టే అనుకున్నాను.

ఎవరితోనూ అనకు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. అమ్మకి కూడా చెప్పలేదు. అయ్యగారిని గుప్తంగా ఉంచమన్నాను.

దేవుడికి ఇచ్చినవాళ్లు ఎవరు చెడిపోయారు చెప్పు? ఆయన తలుచుకుంటే డాక్టర్లతో పనేముంది? ఇచ్చినందుకు ఆయనే మన ఒళ్లో బిడ్డని పెడతాడు. నాకు ఆ నమ్మకముంది. నువ్వు నాకంటే భక్తిపరురాలివి, నీకు నేను చెప్పాలా?

క్షమించు.

నీ
ప్రసన్న


హాస్టలు,
9 మార్చి 2025

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. రాయకపోతే ఉత్తరంలా లేదు. కాబట్టి ఉందనుకోండి.

నేను మీ ఎడమచేతినా?

మీ ఉత్తరం వచ్చిన రోజు మందుల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోతే ఏడుపు కూడా రాదని మొదటిసారి తెలిసింది. మీరు ఆ డబ్బు పేకాటలో పోస్తే అత్తయ్యతో చెప్పి మీ పరువు తీసేదాన్ని. ఎవడికో అప్పిచ్చి ఉంటే నేనే వెళ్లి వాడి కాలరు పట్టుకునేదాన్ని. దేవుడికిచ్చారు. ఇప్పుడు నేనెవరి కాలరు పట్టుకోను?

తిరిగి ఇమ్మని అయ్యగార్ని అడగలేనని మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు. అడిగితే నేను దేవుడి సొమ్ముకి ఆశపడ్డదాన్ని అవుతాను, మీరు దాత అవుతారు. బాగుంది వరస.

డాక్టరమ్మగారికి చెప్పడానికి కొండెక్కాను. "రావడం లేదండి" అన్నాను. "ఏం, ఎందుకమ్మా?" అన్నారు. సిగ్నల్ పోయినట్టు నటించి కట్ చేశాను. అబద్ధం ఆడటం అంత సులువని అనుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, మీరు నన్ను భక్తిపరురాలినన్నారు కాబట్టి. వారం రోజులుగా నేను పిడికెడు బియ్యం తియ్యడం మానేశాను. ప్రార్థన మానేశాను. పిల్లలతో పాటు కళ్లు మూసుకుని కూర్చుంటున్నాను, లోపల ఒక్క మాటా లేదు. ఆరేళ్లుగా ఆయన్ని నేను అడిగింది ఒక్కటి. దాని డబ్బు ఆయనే తీసుకుని గోడ కట్టించుకున్నాడు. ఇక ఆయనతో మాట్లాడేదేముంది?

ఒక్కటి మాత్రం చెయ్యండి. గుప్తం గిప్తం నాకొద్దు. దాతల పేర్లతో రాయి పెడతారు కదా, దాని మీద నా పేరు వేయించండి. బిడ్డకి పెట్టాల్సిన డబ్బు అది. దానికి గుర్తుగా రాయైనా ఉండాలి.

సువార్త


కడియం,
13 ఏప్రిల్ 2025

ప్రియాతి ప్రియమైన సువార్తకు,

నెల దాటింది నీ దగ్గర్నుంచి మాట లేక. నేను పంపిన జంతికలు ముట్టుకోకుండా పిల్లలకి పంచేశావని భీమరాజుగారు చెప్పారు. నీ కోపం న్యాయమే.

అయ్యగారితో మాట్లాడాను. సంతోషంగా ఒప్పుకున్నారు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలతో "ప్రసన్నకుమార్, సువార్త దంపతులు" అని పైనుంచి రెండో పేరుగా వేయిస్తామన్నారు. ఇక నీ మనసు చల్లబడాలి.

ప్రతిష్ఠ ఇరవై ఏడో తారీఖు. నువ్వు మాత్రం రావద్దు. రోళ్లు పగిలే ఎండ, పైగా జనం. నేనే ఫోటో తీసి పంపిస్తాను. ఆ రోజుకి నాకూ హైదరాబాదు లోడు పడేలా ఉంది. ఎంతో కాలంగా రావాల్సిన డబ్బు ఒకటుంది, అది వస్తే అన్నీ సర్దుకుంటాయి. నన్ను నమ్ము. రెండేళ్లలో మళ్లీ అంతా కూడబెడదాం.

ఎప్పటికీ నీ
ప్రసన్న


కడియం, మన ఇల్లు,
28 ఏప్రిల్ 2025

ప్రియమైన మీకు,

వందనాలు. ఈ ఉత్తరం వ్యానులో రాలేదు. మన వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. మీరు హైదరాబాదు నుంచి వచ్చి బీరువా తీస్తే పాస్‌బుక్కులో కనబడుతుంది.

శనివారం వచ్చాను. రావద్దన్నారు, కానీ నా పేరు నేను చూసుకోవాలనిపించింది. నిన్న ప్రతిష్ఠ బాగా జరిగింది. అందరూ లోపలికి పోతుంటే నేను గుమ్మం పక్కన రాయి దగ్గర ఆగాను. పైనుంచి రెండో పేరు మండపేట రైసుమిల్లు వాళ్లది. తప్పు చదివానేమోనని పై నుంచి కింద దాకా వేలు పెట్టి చదివాను. ముప్పై ఒక్క పేర్లు. మన పేరు లేదు. అన్నిటికంటే అడుగున "స్త్రీల సమాజం, పిడికెడు బియ్యం, రూ. 11,400" అని ఉంది.

సంపూర్ణమ్మగారు, అదే మన పాస్టరమ్మగారు, ఖాళీ అయ్యేదాకా ఆగాను. "అమ్మగారూ, మా పేరు మర్చిపోయారేమోనండి" అన్నాను. పాపం, ఆవిడ కంగారు పడిపోయి రసీదు పుస్తకం తెప్పించారు. "ప్రసన్నకుమార్‌గారు నవంబరులో పదిహేను వందలిచ్చారమ్మా. అయిదు వేలు దాటినవాళ్లవే చెక్కించాం. ఏమీ అనుకోకు తల్లీ" అన్నారు.

"నేనే పొరబడ్డానండి" అన్నాను. మీ పరువు కోసం దేవుడి గుమ్మంలో నేనూ అబద్ధమాడాను. చూశారా, మనిద్దరం ఒకటే.

ఇంటికొచ్చి అత్తయ్యని అడిగాను. "నాకేం తెలీదే" అన్నారు. కాసేపటికి చేతిలో చీపురు పక్కన పడేసి ఏడ్చారు. "ఆడి మొహం చూసి నోరు నొక్కుకున్నానే. ఖర్జూరం చెట్లంట. హైదరాబాదులో ఎవడో స్థలాలమ్మేవాడు, దారికి అటూ ఇటూ నాటుతాం, డబల్ ఇస్తాం అన్నాడంట. ఈడు సొంత డబ్బెట్టి కొన్నాడు. ఇప్పుడు ఆ హైదరాబాదోడి ఫోను మోగదు. నీకు చెప్పమంటే ఈడు నా కాళ్లట్టుకున్నాడే" అన్నారు.

మన మడి వెనక్కి వెళ్లి చూశాను. అరవై రెండు చెట్లు. లారీలో వచ్చినప్పుడు ఆకులు పైకి మడిచి కట్టిన తాళ్లు విప్పనే లేదు. మొదళ్లు ఎండిపోయాయి. ఒకదానికి వేలితో గీరి చూశాను, పచ్చి తగలలేదు.

ఇవాళ పొద్దున్నే బ్యాంకుకి వెళ్లాను. మిషన్ బాగానే ఉంది. అక్టోబరు ఇరవై నాలుగున మూడు లక్షల నలభై అయిదు వేలు తీశారు. శ్లాబు వేసింది జనవరిలో. మూడు నెలల ముందే ప్రభువు మీతో మాట్లాడాడన్నమాట.

ఎందుకు చేశారో నాకు తెలుసు. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్ల మీద గెలవాలని. నన్ను ఆ కొండల్లోంచి దింపాలని కూడా అయ్యుండొచ్చు, ఆ మాటా కాదనను. నాతో ఒక్క మాట అని ఉంటే నేను వద్దనేదాన్నో, మీ మొహం చూసి సరే అనేదాన్నో చెప్పలేను. సరే అని ఉంటే డబ్బు పోయినా ఇద్దరిదీ పోయేది. ఇద్దరం ఆ చెట్ల కింద కూర్చుని ఏడ్చేవాళ్లం. ఇప్పుడు పోగొట్టింది మీరు, పోగొట్టుకుంది నేను. వచ్చే నెల నాకు ముప్పై తొమ్మిది. మళ్లీ అంత డబ్బు చేరేసరికి డాక్టరమ్మగారు ఏమంటారో మీకూ తెలుసు.

అయినా నా కడుపు మండేది డబ్బుకి కాదు. దాదాపు రెండు నెలలు నేను దేవుడితో మాట్లాడలేదు. నా బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కున్నాడని ఆయన్ని తిట్టాను. ఆడది తిట్టగలిగిన తిట్లన్నీ తిట్టాను. ఆయన చేతికి మీరిచ్చింది పదిహేను వందలు. చేసింది మీరు, తిట్లు తిన్నది ఆయన. ఎవరూ అడగలేని చోటు చూసి దాక్కున్నారు. మనుషుల వెనక దాక్కునేవాళ్లని చూశాను గానీ, దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నవాణ్ణి మన ఇంట్లోనే చూస్తాననుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం అత్తయ్యకి వంట చేస్తూ పిడికెడు బియ్యం తీశాను. మానేసిన రోజులకి కూడా లెక్కగట్టి తీశాను. ఆయనకి నేను బాకీ.

మీరు బెంగ పెట్టుకోకండి, మిమ్మల్ని వదిలిపెట్టి పోవడం లేదు. పెళ్లిలో అందరి ముందూ మాటిచ్చాను, వెనక్కి తీసుకోను. ఆ మాట అప్పుడు ప్రేమతో ఇచ్చాను. ఇప్పుడు మాటగానే ఉంది.

ఈ ఉత్తరంతో ఒక ఫారం పెట్టాను. కౌంటర్లో మనం ఖాతా తెరిచిన రోజున్న ఆయనే. జుట్టు నెరిసింది, నన్ను గుర్తుపట్టలేదు. ఖాతా మార్చాలన్నాను. "ఇద్దరిలో ఎవరైనా అని ఉంది కదమ్మా, ఇప్పుడెలా పెట్టమంటారు?" అన్నారు. "ఇద్దరూ పెడితేనే డబ్బిచ్చేటట్టు రాయండి" అన్నాను. అలా మార్చాలంటే ఈ ఫారం మీద కూడా ఇద్దరి సంతకాలూ కావాలట. నాది పెట్టాను. ఇంటూ మార్కు పెట్టిన చోట మీది పెట్టండి.

ఇక నుంచి పది రూపాయలు తియ్యాలన్నా నేను కొండ దిగాలి, మీరు పని మానుకుని రావాలి, ఇద్దరం ఆ కౌంటరు ముందు పక్కపక్కన నిలబడాలి. ఆ పెద్దాయన మళ్లీ ఏదైనా అడిగితే ఈసారి జవాబు మీరే చెప్పండి. నేను చెప్పను.

ఇట్లు,
ఇద్దరిలో ఒకరు,
సువార్త